'ఆయా' పుట్టిల్లు



తెలుగులో 'ఆయా' అనే మాటలు రెండున్నాయి. ఒకటి పండితులది. ఆయా కాలాల్లో, ఆయా దేశాల్లో అని వ్రాస్తూంటారే, అది. రెండోది మనది. పురుడు పోసుకోవడానికి ఆస్పత్రికి వెళ్ళిన ప్రతి ఇల్లాలికీ అది తెలుసు. డాక్టరమ్మ రోజుకు ఒకసారి వస్తుంది, నర్సమ్మ నాలుగుసార్లు వస్తుంది. కాని పక్కబట్టలు మార్చాలన్నా, చంటిదానికి ఒళ్ళు తుడవాలన్నా, మనల్ని చెయ్యి పట్టుకుని లేవదీసి నాలుగడుగులు వేయించాలన్నా రావలసింది ఆయా. పిల్లల బడిలోనూ అంతే. చిన్నవాడు చెడ్డీ తడుపుకున్నా, క్యారియరు మూత రాకపోయినా, అమ్మ కావాలని ఏడ్చినా పిలుపు ఆయాకే. ఈ రెండో ఆయాను గురించి కాసేపు ముచ్చటించుకుందాం.

అసలు ఈ మాట ఏ భాషదని మీరనుకుంటున్నారు? మా పేటలో నలుగురిని అడిగి చూశాను. ఒకావిడ తెలుగేనన్నారు, చంటిపిల్లలను ఊపుతూ 'ఆయి ఆయి' అంటాం కదా, అందులోంచి వచ్చి ఉంటుందన్నారు. పుణేలో కొన్నాళ్ళు కాపురం చేసి వచ్చినావిడ, మరాఠీలో తల్లిని ఆయీ అంటారు, అదే ఇది అని తేల్చేశారు. మద్రాసు నుంచి వచ్చినావిడ, అరవదేశంలో కొన్ని వైపుల అమ్మమ్మనూ, నాయనమ్మనూ ఆయా అనే పిలుస్తారన్నారు. నాలుగో ఆవిడ ఇంగ్లీషు మాటేమో, దొరలు అనేవారుగా అన్నారు. నలుగురి మాటల్లోనూ ఎంతో కొంత నిజం ఉంది. అయినా మన ఆస్పత్రి ఆయా మాత్రం వీళ్ళెవరి ఇంటిపిల్లా కాదు. ఆమె పుట్టిల్లు సముద్రాల అవతల, పోర్చుగల్ దేశం. మన పెద్దవాళ్ళు బుడతకీచులు అనేవారే, వాళ్ళ దేశం.

బుడతకీచులు మన ఇళ్ళలో ఏం చేశారని అడుగుతారేమో. పొద్దున్నే మీరు అలమర తలుపు తీసి, తువ్వాలు తీసుకుని, బాల్చీలో నీళ్ళు పట్టుకుని స్నానం చేశారనుకోండి. ఇస్త్రీ చేసిన చొక్కా అబ్బాయికి తొడిగి బొత్తాములు కాజాల్లో పెట్టారనుకోండి. అనాసపండు కోసి డబ్బాలో సర్దారనుకోండి. ఒక్క గంట కాలంలో వాళ్ళ నోటిమీదుగా వచ్చిన మాటలు ఏడు వాడేశారన్నమాట. ఇల్లు కట్టే మేస్త్రీ కూడా వాళ్ళవాడే. వాళ్ళ భాషలో 'మెస్త్రె' అంటే గురువు, పనిలో ఆరితేరినవాడు అని అర్థం. మన దగ్గరకొచ్చి తాపీ పట్టుకున్నా మేస్త్రీ తన గౌరవం పెద్దగా పోగొట్టుకోలేదు. ఇప్పటికీ పదిమంది చేత పని చేయించేవాడే మేస్త్రీ. ఆయా సంగతే వేరు. ఒకే ఊరి నుంచి బయల్దేరిన అన్నాచెల్లెళ్ళలో అన్న బాగానే స్థిరపడ్డాడు, చెల్లెలి బతుకే చితికిపోయింది.

పోర్చుగీసు భాషలో బిడ్డలను సాకే స్త్రీకి రెండు మాటలున్నాయి. చనుబాలిచ్చి పెంచే ఆవిడ 'ఆమ'. మాట, నడక, మర్యాద నేర్పి పెంచే ఆవిడ 'ఆయా'. ఆమ మన దాది లాంటిది, పేదింటి మనిషి. ఆయా అలా కాదు. రాజుల ఇళ్ళలో, గొప్ప ప్రభువుల ఇళ్ళలో మాత్రమే ఆయా ఉండేది. ఆవిడ కూడా మంచి వంశంలో పుట్టినదే. రాణిగారి వెన్నంటి ఉండే పెద్దింటి స్త్రీని కూడా ఆయా అనే అనేవారు. అంటే ఆ రోజుల్లో ఆయా గదిలోకి వస్తే కూర్చున్నవాళ్ళు లేచి నిలబడేవారే గాని, 'ఏయ్ ఆయా, ఇటు రా' అని కేకేసేవారు కారు.

ఇంకా వెనక్కి వెడితే మరీ ముచ్చటగా ఉంటుంది. పోర్చుగీసుకు తల్లి లాటిను భాష. లాటినులో అమ్మమ్మనూ, నాయనమ్మనూ 'ఆవియా' అనేవారు. ఆ ఆవియాయే నోళ్ళలో నలిగి ఆయా అయిందని నిఘంటువులు చెబుతున్నాయి. బిడ్డకు బుద్ధులు చెప్పి పెంచే మనిషి ఏ ఇంట్లోనైనా అవ్వే కదా! ఇదే కుటుంబంలో తాతకు 'ఆవుస్' అని పేరు. ఆ తాత మాటకు చిన్న తోక తగిలించి, 'చిన్న తాత' అన్నట్టుగా, మేనమామను 'ఆవున్‌కులుస్' అన్నారు. అది ఫ్రెంచి వాళ్ళ నోట్లో సగం అరిగి, ఇంగ్లీషు వాళ్ళ దగ్గరకు వచ్చేసరికి 'అంకుల్' అయి కూర్చుంది. చూశారా వింత! మన పిల్లలు నాన్నగారి స్నేహితుణ్ణి అంకుల్ అంటారు, బడిలో చెయ్యి కడిగే మనిషిని ఆయా అంటారు. రెండూ ఒక్క తాత, అవ్వల సంతానమే. ఒకరికి కుర్చీ వేస్తాం, ఒకరిని గుమ్మం దగ్గర నిలబెడతాం.

ఆయాకు మగవాళ్ళలో జోడీ ఉంది. రాజకుమారుణ్ణి పెంచి విద్యాబుద్ధులు చెప్పే ప్రభువును 'ఆయో' అనేవారు. పోర్చుగల్‌లో బడికి వెళ్ళిన ప్రతి పిల్లవాడికీ తెలిసిన ఆయో ఒకాయన ఉన్నాడు. పేరు ఎగాస్ మొనీజ్. 12వ శతాబ్దం మనిషి. పోర్చుగల్‌కు మొట్టమొదటి రాజైన అఫోన్సో ఆయన చేతిమీదుగా పెరిగినవాడే. అప్పటికింకా పోర్చుగల్ ప్రత్యేక రాజ్యం కాలేదు. 1127లో లియోన్ రాజు దండెత్తి వచ్చి గిమరాయిష్ కోటను ముట్టడించాడు. లోపల కుర్రవాడైన అఫోన్సో ఉన్నాడు. తిండిగింజలు తక్కువ, సైన్యమూ తక్కువ. అప్పుడు ఎగాస్ మొనీజ్ శత్రురాజు దగ్గరకు వెళ్ళి, మా పిల్లవాడు మీకు లోబడి ఉంటాడు, నాదీ పూచీ అని మాట ఇచ్చాడు. ఆ మాట నమ్మి లియోన్ రాజు ముట్టడి ఎత్తేశాడు. ఆపద గడిచింది గదా అని పిల్లవాడు లోబడనని మొండికేశాడు. (పెంచినవాళ్ళ మాట పిల్లలు జవదాటడం ఆనాడూ ఉందన్నమాట!) ఎగాస్ మొనీజ్ ఏం చేశాడు? భార్యనూ, బిడ్డలనూ వెంటబెట్టుకుని, కాళ్ళకు చెప్పులు లేకుండా, మెడకు ఉరితాడు తగిలించుకుని శత్రువు కొలువుకు నడిచి వెళ్ళాడు. నా మాట పోయింది, బదులుగా మా ప్రాణాలు తీసుకోండి అన్నాడు. ఆ రాజు కరిగిపోయి క్షమించి పంపేశాడట.

ఇది జరిగిందా, తర్వాతి వాళ్ళు అల్లారా అని చరిత్రకారులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. కాని ఆ దేశం ఆ కథను నమ్మింది. పాసో ద సౌజా అనే చోట ఆయన సమాధి రాతిమీద ఈ ప్రయాణం చెక్కి ఉంది. పోర్తో నగరం రైల్వే స్టేషను గోడమీద నీలిరంగు పింగాణీ పలకల్లో ఈ కుటుంబం రాజు ముందు నిలబడ్డ దృశ్యం ఈనాటికీ చూడవచ్చు. 1572లో అచ్చయిన వాళ్ళ మహాకావ్యం 'లూసియాడ్స్'లో కూడా ఈ కథ ఉంది. వాస్కో డ గామా మన దేశానికి చేసిన ప్రయాణమే ఆ కావ్యానికి వస్తువు. దారిలో ఆఫ్రికా తీరపు రాజుకు తన దేశం గొప్ప చెప్పుకుంటూ గామా ఈ ఆయో కథ చెబుతాడు. బిడ్డను పెంచినవాడి పూచీ ఎంతటిదో చెప్పుకోవడం వాళ్ళకు అంత గొప్ప అన్నమాట.

ఆడ ఆయా మీద ఉన్న కథ ఇంకోటి చెప్పాలి. ఎసా ద కైరోజ్ అని 19వ శతాబ్దంలో పోర్చుగల్‌లో పేరుమోసిన రచయిత. కన్నతల్లి దగ్గర కాక పసితనంలో ఒక దాది ఇంట్లో, ఆ తర్వాత నాయనమ్మ, తాతల దగ్గర పెరిగినవాడు. అంటే అటు ఆమ, ఇటు ఆవియా, ఇద్దరి ఒడీ ఎరిగినవాడు. ఆయన 1893లో ఒక చిన్న కథ వ్రాశాడు. దాని పేరే 'ఆయా'. రాజు యుద్ధంలో చనిపోతాడు. తొట్టిలో పసి రాజకుమారుడు. రాజ్యంమీద కన్నేసిన పాపిష్ఠి పినతండ్రి. రాజకుమారుడికి పాలిచ్చే బానిస స్త్రీకి అదే ఈడు కొడుకు ఉన్నాడు. రెండు తొట్లు ఒకే గదిలో. ఒకటి ఏనుగు దంతంతో చేసినది, ఒకటి పేముతో అల్లినది. ఒక రాత్రి హంతకులు మేడలోకి జొరబడిన చప్పుడు వింటుంది ఆమె. ఒక్క క్షణంలో రాజకుమారుణ్ణి తీసి పేము తొట్టిలో, తన బిడ్డను తీసి దంతపు తొట్టిలో పెట్టేస్తుంది.

ఈ కథ మీకు ముందే తెలిసినట్టు లేదూ? మన మేవాడులో పన్నా దాయి చేసింది ఇదే. 1536 ప్రాంతంలో బన్‌బీర్ కత్తి దూసి చిత్తోడు అంతఃపురానికి వస్తే, పసివాడైన ఉదయసింగును బుట్టలో పెట్టి బయటకు పంపించి, ఆ పక్కమీద తన కొడుకు చందనుణ్ణి పడుకోబెట్టింది ఆ మహాతల్లి. ఆమె కళ్ళముందే ఆ బిడ్డ నరికివేయబడ్డాడు. ఉదయసింగు బతికి పెద్దవాడై ఉదయపురం కట్టించాడు. రాణా ప్రతాపుడు ఆయన కొడుకు. రెండు కథల్లో తేడా చివర్లో ఉంది. పోర్చుగీసు కథలో ఆమెను ఖజానాకు తీసుకువెళ్ళి, రత్నాలూ బంగారమూ చూపించి, ఏది కావాలో కోరుకోమంటారు. ఆమె అన్నిటిలోకీ ఒక బాకు ఎంచుకుంటుంది. నా రాజకుమారుడికి ఇక భయం లేదు, పాలకు ఏడుస్తూ ఉంటాడు నా బిడ్డ, వాడి దగ్గరకు వెళ్ళాలి అనే అర్థం వచ్చేట్టుగా ఓ మాట అని గుండెల్లో పొడుచుకుంటుంది. కథ అక్కడితో అయిపోతుంది. ఇంకో తేడా కూడా నా కళ్ళకు ఆనింది. మన రాజస్థానం వాళ్ళు ఆమె పేరు పన్నా అని, కొడుకు పేరు చందను అని పదిలంగా దాచుకున్నారు. ఆ కథలో ఆమెకు పేరే లేదు. ఆయా, అంతే.

అటువంటి మాట మన దేశం చేరి ఎందుకు పల్చబడింది? 1498లో గామా కళ్ళికోటలో దిగాడు. 1510లో ఆల్బుకెర్క్ గోవా పట్టుకున్నాడు. అంత దూరం ఓడల్లో వచ్చినవాళ్ళు దాదాపు అందరూ మగవాళ్ళే. ఇక్కడి స్త్రీలను పెళ్ళాడమని ఆల్బుకెర్క్ తన సైనికులను ప్రోత్సహించాడు. మొన్నటిదాకా ఓడ తాళ్ళు లాగినవాడు గోవాలో ప్రభువైపోయాడు. ప్రభువు ఇంట్లో ఆయా ఉండాలి కదా! ఇంట్లో ఉన్న బానిస పిల్లకో, ఊళ్ళోంచి పనికి వచ్చే అమ్మికో ఆ పేరు పెట్టారు. పేరు గొప్పది, జీతం చిన్నది. అక్కడే మాట మెట్టు దిగింది.

బుడతకీచుల తర్వాత వచ్చిన డచ్చివాళ్ళకూ, ఇంగ్లీషువాళ్ళకూ రేవుల్లో మాట్లాడుకోవడానికి దొరికిన భాష విరిగిన పోర్చుగీసే. 1640 ప్రాంతంలో చెన్నపట్నం కోట లేచినప్పుడు పక్కనే శాంథోంలో బుడతకీచులు ఎప్పటినుంచో ఉన్నారు. అక్కడి కుటుంబాలు చాలా కోటకు తరలి వచ్చాయి. 1698లో ఇంగ్లండు రాజు కుంపిణీకి ఇచ్చిన పట్టాలో, ఇండియాకు పోయే పాద్రీలు ఏడాది తిరిగేసరికి పోర్చుగీసు నేర్చుకుని తీరాలని షరతు పెట్టారు. తెలుగువాళ్ళమైన మనకూ ఈ భాష ఒక పేరు అంటించింది. వాళ్ళ 'జెంతియు' అంటే అన్యమతస్థుడు. దాన్నే ఇంగ్లీషువాళ్ళు 'జెంటూ' చేసి, మద్రాసులో తెలుగు భాషను ఏళ్ళ తరబడి జెంటూ అని పిలిచారు. 1816లో అచ్చయిన కాంబెల్ గారి తెలుగు వ్యాకరణం పేరులో కూడా ఆ మాట ఉంది. అటువంటి ఊళ్ళో దొరసాని బిడ్డను ఎత్తుకున్న మనిషి ఆయా కాక ఇంకేమవుతుంది! పాలిచ్చే మనిషిని మద్రాసు దొరలు 'ఆమ' అనేవారు కూడాను. అది మన 'అమ్మ' మాటతో కలిసిపోయి తన మొహం తానే పోగొట్టుకుంది. ఆయా నిలిచిపోయింది. మరాఠీ ఆయీ, అరవ ఆయా చుట్టుపక్కల ఉండడంతో పరాయిదానిలా కనబడలేదేమో, అందుకే అంత తొందరగా పాతుకుపోయిందని నా ఊహ. మా పేట ఆడవాళ్ళు చెప్పిన మాటలు పూర్తిగా వృథా కాదన్నది అందుకే.

1886లో యూల్, బర్నెల్ అనే ఇద్దరు దొరలు మన దేశంలో వాడే ఇంగ్లీషు మాటలకు 'హాబ్సన్-జాబ్సన్' అనే నిఘంటువు తెచ్చారు. ఆయా అన్న మాట దగ్గర వాళ్ళిచ్చిన ఉదాహరణల్లో ఒకటి 1779 నాటి కలకత్తా కోర్టు సాక్ష్యం. అది ఆ రోజుల్లో ఊరంతా చెవులు కొరుక్కున్న కేసు. గ్రాండ్ అనే కుంపిణీ ఉద్యోగి ఇంట్లో లేని రాత్రి, కలకత్తా కౌన్సిలులో పెద్ద సభ్యుడైన ఫిలిప్ ఫ్రాన్సిస్ నిచ్చెన వేసుకుని ఆ ఇంటి గోడ దూకాడు. గ్రాండ్ భార్యకు అప్పటికి పదహారేళ్ళు. కోర్టు ఫ్రాన్సిస్‌కు 50,000 సిక్కా రూపాయల జరిమానా వేసి, గ్రాండుకు ఇప్పించింది. ఆ అమ్మాయి తర్వాత ఫ్రాన్సు చేరి, నెపోలియన్ మంత్రి తాలిరాన్‌ను పెళ్ళాడి పెద్ద దొరసాని అయింది. ఆమెను గురించి పుస్తకాలు వచ్చాయి. ఆ రాత్రి అమ్మగారికి కొవ్వొత్తి కావాలని నౌకరును అడగడానికి మేడ దిగి వచ్చిన ఆయా మాత్రం నిఘంటువులో ఒక మాటకు ఉదాహరణగా మిగిలిపోయింది.

వందేళ్ళ పైన సాగిన ఈ కొలువుల్లో పేరుతో సహా నిలిచిన ఆయాలు వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది. న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఒకామె చిత్రపటం ఉంది. విలియం వుడ్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు 1792లో వేసినది. జోవానా ద సిల్వా, బెంగాలు దేశస్థురాలు, కల్నల్ డేర్ పిల్లలను పెంచినది అని దానితోపాటే వ్రాసి ఉంది. ఇంటిపేరు చూశారా, బుడతకీచుదే.

ఇక ఓడ ఆయాల సంగతి. 1869లో సూయజ్ కాలువ తెరిచాక దొరసానులు పిల్లలతో సీమకు వెళ్ళి రావడం ఎక్కువయింది. ఓడ ఊగుతూంటే దొరసానమ్మ కళ్ళు తిరిగి పక్కమీంచి లేవదు. నలుగురు పిల్లలను డెక్కుమీద పడిపోకుండా చూడడం, తినిపించడం, వాంతులు ఎత్తిపోయడం, రాత్రి జోకొట్టడం అంతా ఆయాయే. కొందరికి ఇదే వృత్తి అయిపోయింది. ఆంతోనీ పరేరా అనే ఒకామె 54 సార్లు సముద్రం దాటిందని 1920 ప్రాంతంలో వ్రాసుకున్నారు. పెనిమిటి పేరు పెట్టి మిసెస్ ఆంతోనీ పరేరా అన్నారు గనుక ఆమె సొంత పేరు మనకు అందలేదు. చాలామందికి ఆ పాటి పేరూ లేదు. ఓడ ప్రయాణికుల జాబితాల్లో ఫలానా దొరసాని తాలూకు ఆయా అని వ్రాస్తే సరిపోయేది.

ఓడ లండను రేవులో ఆగాక ఏమవుతుంది? మంచివాళ్ళు తిరుగు టిక్కెట్టు కొనిచ్చేవారు. కొందరు, పని అయిపోయింది గదా అని రేవులోనే జీతం లెక్క చూసి వెళ్ళిపొమ్మనేవారు. ఊహించుకోండి. నూలుచీర కట్టుకుని, చలిలో, భాష సరిగా రాని ఊళ్ళో, చేతిలో నాలుగు షిల్లింగులు. 19వ శతాబ్దం మధ్యలో లండను రేవు పక్క మురికి సత్రాల్లో ఇలాంటి ఆడవాళ్ళు పదుల కొద్దీ కనబడ్డారని వ్రాసి ఉంది. వాళ్ళకోసం ఆల్డ్‌గేట్ అనే చోట ఆయాల గృహం వెలిసింది. 1900లో దాన్ని లండన్ సిటీ మిషన్ అనే క్రైస్తవ సంస్థ చేతిలోకి తీసుకుని హాక్నీలో కింగ్ ఎడ్వర్డ్ రోడ్డు 26వ నంబరు ఇంటికి మార్చింది. 1921లో అదే వీధిలో 4వ నంబరు ఇంటికి మారింది. ఏడాదికి వందమంది దాకా అక్కడ తలదాచుకునేవారు. చీనా దేశం నుంచి దొరల బిడ్డలతో వచ్చిన 'ఆమ'లకూ అక్కడే చోటిచ్చారు. బుడతకీచుల ఇంట్లో పుట్టిన రెండు మాటలు, ఆయా, ఆమ, మూడు వందల ఏళ్ళ పైన ఊళ్ళు తిరిగి చివరికి ఒకే కప్పు కింద కలుసుకున్నాయన్నమాట.

ఆ గృహం నడిచే పద్ధతి వినండి. ఆయా తన తిరుగు టిక్కెట్టును మేట్రన్ చేతిలో పెట్టాలి. ఇండియాకు వెళ్ళబోయే మరో కుటుంబం వచ్చి, మాకు ఆయా కావాలి అంటే, మేట్రన్ వాళ్ళతో బేరం కుదిర్చి, ఆ టిక్కెట్టు వాళ్ళకు ఇచ్చి, వచ్చిన డబ్బులో ఆయా తిండీ బసా ఖర్చు చూసుకునేది. దిక్కులేనివాళ్ళకు దిక్కు చూపించిన పద్ధతే, కాదనను. కాని ఇంటికి తిరిగి వెళ్ళడానికి కూడా ఇంకొకరి బిడ్డను చంకనెత్తుకోవలసిందే! 1986లో రోజీనా విశ్రామ్ అనే చరిత్రకారిణి 'ఆయాలు, లస్కర్లు, రాజకుమారులు' అని పేరు పెట్టి ఒక పుస్తకం వ్రాసి ఈ సంగతులన్నీ వెలికి తీశారు. లస్కర్లంటే ఓడల్లో పనిచేసిన మన నావికులు. 2022లో ఆ 26వ నంబరు ఇంటి గోడకు నీలిరంగు గుండ్రటి ఫలకం అమర్చారు. లండనులో గొప్పవాళ్ళు నివసించిన ఇళ్ళకు పెట్టే ఫలకం అది.

దొరలు 1947లో వెళ్ళిపోయారు, ఆయా ఉండిపోయింది. ఇళ్ళలోంచి ఆస్పత్రులకూ, బళ్ళకూ మారింది. మన తెలుగువాళ్ళు ఆ మాటను వట్టిగా అనలేక 'అమ్మ' చేర్చి ఆయమ్మ అన్నారు. డాక్టరమ్మ, నర్సమ్మ, పంతులమ్మ, ఆయమ్మ. లాటిను లెక్కలో చూస్తే మనకు తెలియకుండానే అమ్మమ్మ అని పిలుస్తున్నామన్నమాట, అది వేరే సంగతి! 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలయ్యాక ఊరూరా అంగన్‌వాడీలు వచ్చాయి. కాగితాలమీద ఆమె సహాయకురాలు. ఊళ్ళో మాత్రం ఆయాయే. పొద్దున్నే ఇల్లిల్లూ తిరిగి పిల్లలను పోగు చేసుకురావడం, వండి పెట్టడం, గిన్నెలు కడగడం ఆమె పని. ఆమెకు ఇచ్చేదాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. గౌరవం అన్న మాట ముందు పెట్టారంటే తర్వాత వచ్చే అంకె చిన్నదని ఏ ఇల్లాలైనా పోల్చుకోగలదు. 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీ కార్యకర్తలూ, ఆయాలూ మొదలుపెట్టిన సమ్మె 40 రోజులు దాటి సాగింది. కనీస వేతనం, గ్రాట్యుటీ అడిగారు వాళ్ళు.

ఓడ ఆయాలు కూడా పూర్తిగా పోలేదు. ఓడ మాత్రమే పోయి విమానం వచ్చింది. కడప జిల్లా నుంచీ, గోదావరి జిల్లాల నుంచీ ఎన్నేళ్ళుగానో మన ఆడవాళ్ళు కువైట్‌కు ఇంటిపనికి వెడుతున్నారు. వాళ్ళలో చాలామంది తమ పిల్లలను అమ్మమ్మ దగ్గరో, నాయనమ్మ దగ్గరో వదిలి, అక్కడ వేరేవాళ్ళ పిల్లలను పెంచుతున్నారు. కొన్ని ఇళ్ళలో పాసుపోర్టు యజమాని బీరువాలో ఉంటుంది. ఆ పాసుపోర్టు మాట విన్నప్పుడల్లా నాకు హాక్నీలో మేట్రన్ చేతిలోని టిక్కెట్టు గుర్తుకొస్తుంది. అక్కడ వాళ్ళను ఆయా అనరు, 'ఖద్దామా' అంటారు. అరబ్బీలో సేవ చేసే మనిషి అని. మా కడప బంధువుల ఇంట్లో పిల్లలు కూడా ఈ మాట అనేస్తున్నారు. మా పిన్ని ఖద్దామాగా పోయింది, వచ్చే రంజానుకు వస్తుంది అని.